పేచీకోరు చేపల కాపురం

సూరత్ పేరు మోస్తున్న చేప ఒకటుంది. బెర్లిన్‌లో వైద్యవృత్తిలో ఉంటూనే చేపల మీద గ్రంథాలు రాసిన మార్కస్ ఎలీజర్ బ్లాఖ్ 1790లో దానికి ఆ పేరు పెట్టాడు. దాని పూర్తి శాస్త్రీయ నామం ఎట్రోప్లస్ సురటెన్సిస్. సురటెన్సిస్ అంటే సూరత్‌కు చెందినదని. విచిత్రమేమిటంటే దాని పుట్టిల్లు సూరత్ కాదు, అక్కడికి చాలా దక్షిణాన ఉంది. కేరళ కాయళ్లు, శ్రీలంక తీరం, మన పులికాట్ సరస్సు లాంటి ఉప్పు కలిసిన నీళ్లే దాని నివాసం. మలయాళీలు మసాలా పట్టించి, అరిటాకులో చుట్టి కాల్చుకుతినే కరిమీన్ ఇదే. కేరళ ప్రభుత్వం 2010లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది కూడా.

ఈ కరిమీన్ సిక్లిడ్ కుటుంబానికి చెందినది. ఆఫ్రికా, అమెరికా ఖండాల్లో వందల సంఖ్యలో ఉన్న ఈ కుటుంబానికి భారతదేశంలో సహజ వారసులు మూడే. ఒకటి కరిమీన్. రెండోది దానికన్నా చాలా చిన్నదైన నారింజరంగు క్రోమైడ్. మూడోది కర్ణాటక నదుల్లో కనిపించే కెనరా ముత్యపు చుక్కల చేప. ఈ మూడింటి సంగతి మన అక్వేరియం ప్రియుల్లో చాలామందికి తెలియదు. ఇవాళ సూరత్‌లో అయినా, హైదరాబాద్‌లో అయినా దుకాణానికి వెళ్లి సిక్లిడ్ కావాలంటే మలావి సరస్సు జాతులో, అమెజాన్ జాతులో చేతికొస్తాయి.

సూరత్‌లోని వరాఛానే తీసుకుందాం. తాపీ నది ఒడ్డున, వజ్రాల సానపట్టే పనికి పేరుపడ్డ ప్రాంతం. సౌరాష్ట్ర పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే ఇక్కడ ఎక్కువ. జాగా తక్కువ, జనం ఎక్కువ. మన సిరిసిల్ల, వరంగల్ ప్రాంతాల నుంచి మగ్గాల పనికి సూరత్ వెళ్లి స్థిరపడ్డ నేత కుటుంబాలకూ ఈ ఇరుకు కొత్తేమీ కాదు. ఇలాంటి చోట రెండు గదుల ఫ్లాట్‌లో, హాల్లో గోడవారగా ఓ గాజు తొట్టి పెట్టారనుకోండి. పచ్చగా మెరిసేది ఒకటి, నీలం చారలది ఒకటి, ఎర్రగా బుసకొట్టేది ఒకటి. రంగులు చూసి తలా ఒకటి కొనుక్కొచ్చారు. మొదటి వారం అంతా బాగుంటుంది. నెల తిరిగేసరికి ఒకే చేప తొట్టికి ఏకచ్ఛత్రాధిపతి. మిగిలినవి పైమూలల్లో, హీటరు వెనకాల, రెక్కలు చిరిగి బిక్కుబిక్కుమంటుంటాయి. మరో నెలకు రాజుగారొక్కరే మిగులుతారు.

'ఈ జాతే అంత, కోపిష్టి చేపలు' అని తేల్చేసి చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత కూడా చెబుతారు. కానీ తప్పు కత్తులది కాదు, ఒరది. సిక్లిడ్ పోట్లాడేది కోపంతో కాదు, చోటు కోసం. ఆ చోటు ఎందుకో తెలిస్తే దాన్ని ఎలా పంచాలో కూడా తెలుస్తుంది.

చేపల్లో చాలావరకు గుడ్లు పెట్టి తమ దారిన తాము పోతాయి. సిక్లిడ్‌లు అలా కాదు. గుడ్లను, పిల్లలను కాచుకోవడం వీటి కుటుంబ లక్షణం. కొన్ని జాతులు రాతి మీద గుడ్లు పెట్టి ఆలుమగలిద్దరూ కాపలా కాస్తాయి. మలావి సరస్సు చేపల్లో తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని ఇంచుమించు మూడు వారాలు తిండి మానేసి తిరుగుతుంది. పిల్లల్ని పెంచేవాడికి ఇల్లు కావాలి. ఇల్లున్నవాడికి హద్దులు కావాలి. హద్దు దాటినవాణ్ని తరిమేయాలి. సిక్లిడ్ దూకుడంతా ఈ లెక్కలోంచి పుట్టిందే.

సరస్సులో ఈ లెక్క తేలిగ్గా తెగుతుంది. ఓడినవాడు పారిపోతాడు, గెలిచినవాడు వెనక్కి తిరుగుతాడు. రెండు నిమిషాల్లో పోరు ముగుస్తుంది. నాలుగడుగుల తొట్టిలో ఓడినవాడు ఎక్కడికి పోతాడు? గాజుగోడ దాకా పోయి ఆగుతాడు. గెలిచిన చేపకు వాడు ఇంకా తన హద్దులోనే కనిపిస్తుంటాడు, పొమ్మన్నా పోని మొండివాడిలా. మళ్లీ దాడి. మళ్లీ గోడ. ఇంట్లో సిక్లిడ్‌లు చచ్చేవరకు కొట్టుకోవడానికి కారణం ఓడినవాడు కనుమరుగయ్యే అవకాశం లేకపోవడమే. తొట్టి సర్దుబాటులోని కిటుకులన్నీ ఈ ఒక్క ముడి విప్పడానికే.

అన్నిటికన్నా ముందు ఎవరితో ఎవరిని కలపాలో చూసుకోవాలి. తూర్పు ఆఫ్రికాలోని మలావి, టాంగన్యికా సరస్సుల నీళ్లు క్షారగుణంతో, కాఠిన్యంతో ఉంటాయి. పిహెచ్ 8 చుట్టుపక్కల ఉంటే వాటికి హాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన డిస్కస్, రామిరెజీ లాంటివాటికి మెత్తటి, కొద్దిగా ఆమ్లగుణం ఉన్న నీళ్లు కావాలి. ఈ రెండు వర్గాలనూ ఒకే తొట్టిలో వేస్తే పోట్లాట సంగతి తరవాత, రెంటిలో ఒకదానికి రోజూ అనారోగ్యమే. అందుకే సరస్సును బట్టి, కనీసం ఖండాన్ని బట్టి ఒక తొట్టి అన్నది మొదటి సూత్రం. బోరు నీళ్లు తప్ప దిక్కులేని ఊళ్లవాళ్లకు ఇందులో ఓ ఊరట ఉంది. బిందెల అడుగున తెల్లటి పొర కట్టే ఆ గట్టి నీళ్లు డిస్కస్‌కు గిట్టవు గానీ మలావి చేపలకు పుట్టింటి నీళ్లలాంటివే. నీటిని మార్చడానికి రసాయనాలు కొనేకన్నా, ఉన్న నీటికి తగిన చేపను కొనుక్కోవడం తెలివైన పని. మున్సిపల్ కుళాయి నీళ్లయితే మాత్రం క్లోరిన్ పోగొట్టాకే పోయాలి. దుకాణాల్లో హైపో పేరుతో అమ్మే స్ఫటికాలు అందుకే.

రెండోది తొట్టి కొలత. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో దాదాపు 250 లీటర్ల నీళ్లు పడతాయి. మలావి రాతిచేపలకు, అంటే దుకాణాల్లో మ్బునా అని పిలిచేవాటికి, ఇది కనీసం. లీటరు నీళ్లు కిలో బరువు. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే మూడు వందల కిలోలకు పైనే. మూడో అంతస్తు ఫ్లాట్‌లో దాన్ని హాలు నడిమధ్యన కాక, దూలం ఉన్న గోడవారనే పెట్టాలి. ఎత్తుకన్నా పొడవు, వెడల్పు ముఖ్యం. చేప హద్దు గీసేది నేల మీద. నిలువు తొట్టి చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ అందులో నేల తక్కువ, తగాదా ఎక్కువ.

అంత జాగా లేనివాళ్లు నిరాశపడనక్కర్లేదు. టాంగన్యికా సరస్సులో నత్తగుల్లల్లో కాపురం ఉండే బుల్లి సిక్లిడ్‌లున్నాయి. వేలెడంత కూడా ఉండవు. పిట్ట కొంచెం, కూత ఘనం. గుప్పెడు ఇసుక మీద ఒక్కో గుల్ల పెడితే అదే ఇల్లు, దాని చుట్టూ జానెడు నేలే రాజ్యం. రెండడుగుల తొట్టిలో ఒకే జాతికి చెందిన చిన్న పేటను పెంచుకోవచ్చు. తలా ఒక గుల్ల కన్నా ఎక్కువ ఉండేలా చూసుకుంటే చాలు. మనం చూడాల్సింది చేప పొడవుతో పాటు దాని హద్దు పొడవు కూడా.

మూడోది రాళ్లు. వీటిని అలంకారం అనుకుంటారు. అవి గోడలు. ఒక చేప తన గుహలోంచి చూస్తే తొట్టి మొత్తం కనిపించకూడదు. కనిపించనివాడితో పేచీ ఉండదు. పైదాకా పేర్చిన రాళ్లు, వాటి మధ్య వెళ్లిపోవడానికి రెండు దారులున్న సందులు ఉంటే ఓడినవాడికి కనుమరుగయ్యే వీలు దొరుకుతుంది. ఒకే దారి ఉన్న గుహ మాత్రం బోనే. పెద్ద రాళ్లను ఇసుక మీద కాకుండా ముందుగా తొట్టి అడుగునే ఆనించి, ఆ తరవాత ఇసుక పోయాలి. సిక్లిడ్‌లకు తవ్వే గుణం ఉంది. ఇసుక తవ్వేస్తే రాయి దొర్లి గాజు పగలొచ్చు. కొత్త చేపను వేసే రోజు పాత రాళ్లన్నీ తీసి, మళ్లీ వేరేగా పేర్చండి. దాంతో పాత హద్దులన్నీ చెరిగిపోతాయి. పాతకాపులూ కొత్తకాపులూ అంతా ఒకే రోజు గృహప్రవేశం చేసినట్టవుతుంది. కొత్తవాడి మీద దాడి బాగా తగ్గుతుంది.

నాలుగోది లెక్క. ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. గొడవలు తగ్గాలంటే చేపలు తగ్గించాలని కదా మామూలు తర్కం? మలావి రాతిచేపల విషయంలో అనుభవజ్ఞులు దీనికి విరుద్ధంగా చేస్తారు. మూడు నాలుగు చేపలుంటే బలమైనదానికి ఒకే లక్ష్యం దొరుకుతుంది. అది చచ్చేదాకా వదలదు. పదిహేను, ఇరవై ఉంటే ఎవరిని తరమాలో తేలదు. దెబ్బలు అందరికీ తలా కొంచెం పంచుతుంది గానీ ఒక్కరినే చంపదు. ఒక మగచేపకు మూడు, నాలుగు ఆడచేపలు ఉండాలి. ఒకే రంగు, ఒకే రకం చారలున్న రెండు జాతులను కలపకూడదు, ఎందుకంటే తనలాంటి వాడే సిక్లిడ్‌కు మొదటి శత్రువు.

అయితే ఈ కిక్కిరిసిన పద్ధతి ఊరికే రాదు. అన్ని చేపల మలమూత్రాల్లోంచి పుట్టే అమోనియా అంతా ఆ 250 లీటర్లలోనే కలుస్తుంది. పిహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో అమోనియా మరింత విషం. అంటే మలావి తొట్టికి ఈ ముప్పు రెట్టింపు. అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే మంచి బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి, చేపలు ఒకే రోజు కొనితెచ్చి నింపేసేవాళ్ల చేపలు పదిహేను రోజుల్లో పోవడానికి కారణం ఇదే. దిష్టి కాదు. పెద్ద ఫిల్టర్, వారానికోసారి నాలుగో వంతు నీటి మార్పు, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాక తొట్టి నీళ్లలోనే పిండటం, ఈ మూడూ చేయలేనివాళ్లు జనాభా పెంచకూడదు. ఎండలు నలభై డిగ్రీలు తాకే మన ఊళ్లలో మరో చిక్కుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. కరెంటు పోతే చేపలతో నిండిన తొట్టికే మొదట ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఇంట్లో ఉండి తీరాలి.

తిండి విషయంలో మన ప్రేమే వాటికి శత్రువు. మ్బునాలు రాళ్ల మీది పాచిని గీరుకుతినే చేపలు. వాటికి వానపాములు, మాంసం ముక్కలు ఎక్కువగా పెడితే పొట్ట ఉబ్బి చస్తాయి. స్పిరులినా ఉన్న గుళికలు, ఉడికించిన పాలకూర, బఠాణీ చాలు. రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయాలి.

ఈ సర్దుబాటు వరాఛావాళ్లకు కొత్తగా నేర్పనక్కర్లేదేమో. అక్కడి వజ్రాల కార్ఖానాల్లో ఘంటీ అనే సానబల్ల చుట్టూ నలుగురైదుగురు మోకాళ్లు ఆనేంత దగ్గరగా కూర్చుని పనిచేస్తారు. ఎవరి చోటు వారిది, ఎవరి రాయి వారిది. ఆ వరస కుదిరితేనే బల్ల నడుస్తుంది. అదే వరాఛాలో చేపలవాళ్లకు ఏటా ఓ పరీక్ష కూడా వస్తుంది. దీపావళికి కార్ఖానాలు మూడు వారాల దాకా మూతపడతాయి. వీధులకు వీధులే ఖాళీ చేసి జనం సౌరాష్ట్రకు వెళ్లిపోతారు. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే. తొట్టిని ఎవరు చూస్తారు? ఎదిగిన ఆరోగ్యవంతమైన సిక్లిడ్ వారం రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది. తట్టుకోలేనిది పక్కింటివారి ఔదార్యాన్ని. పాపం ఆకలేస్తుందేమోనని వాళ్లు డబ్బాలో సగం కుమ్మరిస్తే, కుళ్లిన తిండి మూడోరోజుకల్లా తొట్టిని విషం చేస్తుంది. ఏ రోజుకారోజు వేయాల్సింది చిన్న పొట్లాలుగా కట్టి, రెండ్రోజులకొకటి మాత్రమే వేయమని చెప్పి, మిగతా డబ్బా దాచేసి వెళ్లడం ఉత్తమం. ఊరికి బయల్దేరే ముందురోజు కొత్త చేపను మాత్రం తేవద్దు.

కొన్ని చేపలను ఎంత సర్దినా కలపలేం. మధ్య అమెరికా సిక్లిడ్‌లను సంకరం చేసి 1990లలో మలేసియాలో తయారుచేసిన ఫ్లవర్‌హార్న్ అందులో మొదటిది. నుదుటి మీద బొప్పి, ఒంటి మీద అక్షరాల్లాంటి మచ్చలు ఉంటే అదృష్టమని ప్రచారం జరగడంతో మన దేశంలోనూ వాస్తు చేపగా చలామణి అయింది. దానికి తోడు అక్కర్లేదు, పెద్ద తొట్టిలో ఒంటరితనమే సుఖం. రెండోది ఆస్కార్. దుకాణంలో అది రెండంగుళాల ముద్దుగుమ్మ. ఏడాది తిరిగేసరికి అడుగు పొడవుకు చేరువవుతుంది. నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది. కొనేవాడికి ఈ సంగతి చెప్పే దుకాణదారు అరుదు.

అసలు సమస్య మొదలయ్యేది ఇక్కడే. తొట్టి చాలని ఆస్కార్‌ను, తోటివారందర్నీ చంపిన ఫ్లవర్‌హార్న్‌ను ఏం చేస్తారు? చంపడానికి చేతులు రావు. దుకాణం తిరిగి తీసుకోదు. వరాఛాకు తాపీ, రాజమండ్రికి గోదావరి, విజయవాడకు కృష్ణ కూతవేటు దూరంలో ఉన్నాయి. పుణ్యం చేస్తున్నామనుకుంటూ ఓ సాయంత్రం నీళ్లలో వదిలేసి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తారు. ఇంట్లోని పేచీని నదికి అప్పగించడమే ఇది.

ఈ అప్పగింత ఖరీదేమిటో మనకు తెలియనిది కాదు. చాలాచోట్ల జిలేబీ అని పిలుచుకునే తిలాపియా కూడా సిక్లిడే. ఆఫ్రికాకు చెందిన మొజాంబిక్ తిలాపియాను చౌకగా మాంసకృత్తులు అందుతాయన్న ఆశతో 1952లో మన దేశానికి తెచ్చారు. చెరువు దాటి పాకుతుందని గ్రహించి 1959లోనే దాని వ్యాప్తి వద్దని మత్స్య పరిశోధన కమిటీ అడ్డుకట్ట వేసింది. అప్పటికే ఆలస్యమైంది. నోట్లో పిల్లల్ని పెంచే తల్లి, ఏ నీటినైనా తట్టుకునే ఒళ్లు, చోటు కోసం పోరాడే గుణం, తొట్టిలో మనం ముచ్చటపడే ఈ మూడు లక్షణాలే దాన్ని దేశమంతటా నిలబెట్టాయి. తమిళనాడులోని వైగై, రాజస్థాన్‌లోని జైసమంద్ జలాశయాల్లో దేశవాళీ చేపలు దెబ్బతినడానికి అది కారణమని మత్స్య శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ప్రపంచంలోని వంద ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో దానికి చోటు దక్కింది. ఈ రోజుకీ మేలురకం తిలాపియాను సాగు చేయాలంటే రైతుకు ప్రభుత్వ అనుమతి, చెరువు దాటకుండా వలలు తప్పనిసరి. హాల్లోని తొట్టికి ఆ అనుమతీ లేదు, వలా లేదు. మోజు తీరాక జనం వదిలేసిన ఫ్లవర్‌హార్న్‌లు సింగపూర్ జలాశయాల్లో స్థిరపడిన ఉదాహరణ కూడా కళ్లముందే ఉంది.

పెద్ద చట్టాలేవీ లేకుండానే చేయదగ్గవి కొన్నున్నాయి. అమ్మే ప్రతి తొట్టి మీదా ఆ చేప ఎదిగాక ఎంత పొడవవుతుందో, ఏ నీళ్లు కావాలో, ఎవరితో పొసగదో మూడు ముక్కలు తెలుగులో, గుజరాతీలో రాసి అంటించడానికి దుకాణానికి అయ్యే ఖర్చు ఓ కాగితం. పెరిగిన చేపను సగం ధరకైనా, ఉచితంగానైనా తిరిగి తీసుకునే దుకాణంలోనే కొంటామని కొనుగోలుదారులు పట్టుబట్టొచ్చు. సూరత్ నగరపాలక సంస్థ 2014లో పాల్ ప్రాంతంలో జగదీశ్‌చంద్ర బోస్ పేరిట అక్వేరియం తెరిచింది. ఇలాంటి ప్రభుత్వ అక్వేరియంలు వింత చేపలను చూపించడంతో ఆగకుండా, ఇళ్లలో వద్దనుకున్న చేపలను తీసుకునే కేంద్రాలు కూడా నడిపితే నదులకు మేలు. ఇవేవీ దొరకనప్పుడు తోటి అభిరుచిపరులకు ఇచ్చేయాలి. నదికి మాత్రం ఇవ్వకూడదు.

సిక్లిడ్‌ల కాపురం చూడాలనే కోరిక బలంగా ఉన్నవాళ్లు మన ఇంటి చేపతోనే మొదలుపెట్టొచ్చు. నారింజరంగు క్రోమైడ్ మూడంగుళాల చేప. మంచినీళ్లలోనూ, కొద్దిగా ఉప్పు కలిపిన నీళ్లలోనూ బతుకుతుంది. తల్లిదండ్రులిద్దరూ పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతాయి. పిల్లలు వాటి ఒంటి మీది జిగురును కొరుక్కుతింటాయి. ఈ చేపనూ కరిమీన్‌నూ కలిపి గమనించిన రిచర్డ్ వైమన్, జాక్ వార్డ్ అనే శాస్త్రవేత్తలు 1972లో ఓ ముచ్చటైన సంగతి ప్రకటించారు. చిన్న క్రోమైడ్ పెద్ద కరిమీన్ ఒంటిని, రెక్కలను శుభ్రం చేస్తుంది. కరిమీన్ కదలకుండా నిలబడి చేయించుకుంటుంది. అదే చిన్న చేప అదను దొరికితే కరిమీన్ గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. అందుకే గుడ్లు పెట్టినప్పుడు కరిమీన్ దాన్ని దరిచేరనివ్వదు.

పొద్దున సేవ చేయించుకున్నవాణ్నే సాయంత్రం తరిమికొడుతుంది. ఇందులో స్నేహం లేదు, పగా లేదు. ఎప్పుడు దగ్గరకు రానివ్వాలో, ఎప్పుడు దూరం పెట్టాలో రెంటికీ తెలుసు, దూరం పోవడానికి చాలినంత నీళ్లున్నాయి. ఇంట్లో తొట్టి పెట్టేవాళ్లు చేపలకు ప్రేమను నేర్పలేరు. ఆ దూరాన్ని మాత్రం సమకూర్చగలరు. అది సమకూర్చలేకపోతే ఒక్క చేపనే పెంచుకోవడం మేలు.